చూడ్డానికి వెళ్ళేటప్పుడు, ఇంటికి తెచ్చుకునేటప్పుడు: తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న మనిషితో ఇంటివాళ్ళూ చుట్టాలూ

అమలాపురం దగ్గరో పాలకొల్లు దగ్గరో ఒకింట్లో ఎవరికైనా కాలు విరిగితే సాయంత్రానికి వీధరుగు నిండిపోతుంది. అదే ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించడం, గట్టి అనుమానాలు పట్టుకోవడం) అనో బైపోలార్ (కొన్నాళ్ళు ఉన్మాదం, కొన్నాళ్ళు దిగులు) అనో డాక్టరు చెబితే మొదటి వారం జనం వచ్చి తలో సలహా పడేసి పోతారు. ఆర్నెల్లు గడిచేసరికి శుభలేఖ కూడా వీధిలోంచే అందించి వెళ్ళిపోతారు. ఆ మనిషికి ఈ రెండూ మంచివి కావు. పనికొచ్చేది వేరు: ఇద్దరో ముగ్గురో మనుషులు, కాసేపే, అదే రోజున, అదే వేళకి, ఏళ్ళ తరబడి. దాన్ని ఎలా జరపాలో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికే ఇదంతా. ముందుగా ఒక మాట: "పిచ్చి" అనే పదం ఇందులో ఇంకెక్కడా కనిపించదు. ఇంట్లోనూ మానేయండి. తిట్టుగా కూడా వద్దు, పక్కగదిలో ఉన్న మనిషికి అది తనకేనని తోస్తుంది.

గంటల లెక్క

1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన స్కిజోఫ్రేనియా రోగుల్ని గమనిస్తూ వచ్చాడు. తల్లిదండ్రుల దగ్గరికో, భార్య లేదా భర్త దగ్గరికో వెళ్ళినవాళ్ళు, అద్దెగదుల్లో ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా మళ్ళీ ఆసుపత్రి పాలయ్యారు. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, చేటు ఇంట్లో లేదు, ఇంట్లోని మూడు అలవాట్లలో ఉంది: అస్తమానం తప్పులెంచడం, ఆ మనిషంటేనే పడకపోవడం, అతిగా కమ్ముకుని కాపలా కాయడం. 1976లో వాన్, లెఫ్ అనే ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకి మించి ఎదురెదురుగా గడిపితే జబ్బు తిరగబెట్టడం మరీ ఎక్కువ. 1980ల్లో చండీగఢ్ ప్రాంతంలో చూస్తే ఈ అలవాట్లు లండన్ ఇళ్ళకంటే బాగా తక్కువ కనిపించాయి, పల్లెల్లో ఇంకా తక్కువ. ఇంటివాళ్ళ వల్లే జబ్బు వచ్చిందని దీన్ని చదవకూడదు. ఉన్న జబ్బు నిలకడగా ఉంటుందా, తిరగబెడుతుందా అన్న చోటే ఇంటి గాలికి బలం.

35 గంటలంటే రోజుకి 5. ఒక కాగితం మీద రాసి చూడండి: తండ్రికీ కొడుక్కీ మాటలు పడని ఇంట్లో, మెలకువగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఎన్ని గంటలున్నారు? 5 దాటితే ముందు మాట తీరు మార్చడానికి చూడకండి, అది నెలల పని. గంటలు తగ్గించడం రేపటి నుంచే కుదురుతుంది. తండ్రి పొలానికో చెరువు గట్టుకో వెళ్ళే వేళకి కొడుకు లేచేలా చూడటం, రాత్రి భోజనాలు వేరే వేళల్లో పెట్టుకోవడం, పడక వసారాలోకి మార్చడం, సాయంత్రం రెండు గంటలు బాబాయి ఇంట్లోనో తోటలోనో గడిచేలా చూడటం. అలగడానికో వెలివేయడానికో ఇదంతా చేయడం లేదని ఆ మనిషికి ఒక్క ముక్కలో చెప్పాలి: "మనిద్దరం రోజంతా ఎదురుగా ఉంటే గొడవవుతోంది కదా, భోజనం నేను ముందు చేసేస్తాను."

నోటి మాట

స్కిజోఫ్రేనియాలో గొంతులు వినిపించడం, అనుమానాలు అందరికీ కనిపిస్తాయి. చుట్టాలు పొరబడేది రెండో రకం లక్షణాల దగ్గర: మొహంలో కదలిక లేకపోవడం, మాట తగ్గిపోవడం, స్నానం మీద ధ్యాస లేకపోవడం, పొద్దున్నే లేవలేకపోవడం. ఇది బద్ధకం కాదు, జబ్బే. దీనికి మందులు పెద్దగా పనిచేయవు, తిట్లు అసలే పనిచేయవు. "ముప్పై ఏళ్ళొచ్చి మంచం మీద పడుంటావా?" అన్న మాటకి ఆ మనిషి చేయగలిగింది ఏమీ లేదు. "అబ్బాయ్, ట్యాంకులో నీళ్ళైపోయాయి, మోటారు వేస్తావా?" అన్నదానికి ఉంది. ఒకసారి ఒకే పని చెప్పండి, పావుగంటలో అయ్యేది, మొదలూ చివరా కనిపించేది. పది కొబ్బరి మట్టలు ఒక పక్కకి లాగడం, కూరకి బెండకాయలు కోయడం, గేదెకి కుడితి పెట్టడం. చేశాక పొగడ్తలతో ముంచెత్తకండి. "ఆ, అయిపోయిందా, సరే" చాలు. మరీ పొగిడితే తనని చిన్నపిల్లాడిలా చూస్తున్నారని తెలిసిపోతుంది.

అమ్మలు ఎక్కువగా చేసే పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళ కొడుక్కి అన్నం కలిపి పెట్టడం, బాత్రూము తలుపు దగ్గర నిలబడటం, అడిగినదానికల్లా వాడి తరఫున తనే జవాబు చెప్పడం. చూడ్డానికి ప్రేమలానే ఉంటుంది, కానీ పైన చెప్పిన మూడు అలవాట్లలో అదొకటి. వచ్చిన చుట్టం అడగాల్సింది ఆ మనిషినే. "ఏం తింటున్నాడు పిన్నీ?" అని కాదు, "పొద్దున్న ఏం తిన్నావు తమ్ముడూ?" అని. జవాబుకి పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. జబ్బు వల్లా మందుల వల్లా మాట పైకి రావడానికి అంత సమయం పట్టవచ్చు. ఈలోగా ఇంకో ప్రశ్న వేస్తే మొదటిది కూడా పోతుంది.

కూర్చునేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కగా, కాస్త ఎడంగా, తలుపుకి అడ్డం లేకుండా కూర్చోండి. గుసగుసలొద్దు, ఆ మనిషికి అర్థం కాని నవ్వులొద్దు, సెల్‌ఫోన్‌తో ఫొటోలు అసలొద్దు. పదిహేను ఇరవై నిమిషాలు చాలు. మాట్లాడటానికి ఏమీ లేకపోతే కలిసి టీ తాగి టీవీలో క్రికెట్ చూసినా అది కలవడమే.

అనుమానం చెప్పినప్పుడు

"ఎదురింటివాళ్ళు నా అన్నంలో మందు కలుపుతున్నారు" అంటే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి: "ఛ, వాళ్ళెందుకు కలుపుతారు?" అని వాదించడం. వాదించిన కొద్దీ ఆ నమ్మకం గట్టిపడుతుంది, చివరికి మీరూ ఆ జట్టులో చేరిపోతారు. రెండోది: "అవునులే, వాళ్ళు అలాంటివాళ్ళే" అని ఊరుకోబెట్టడం. ఇది ఇంకా ప్రమాదం, రేపు ఎదురింటి మీదికి వెళ్ళినప్పుడు మీ మాటే సాక్ష్యం. నిజానిజాల జోలికి పోకుండా భయానికి జవాబు చెప్పండి: "అలా అనిపిస్తే అన్నం ఎలా సయిస్తుందిలే. నాకైతే అలా కనబడలేదు. ఇవాళ ఇద్దరం ఒకే గిన్నెలోంచి వడ్డించుకుందామా?" గొంతులు వినిపిస్తున్నాయంటే, "నాకు వినపడటం లేదు, నీకు వినపడుతున్నాయంటే నమ్ముతాను. ఏమంటున్నాయి?" అని అడగాలి. ఇది ఊసుపోక అడిగేది కాదు. చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో ఆ గొంతులు చెబుతుంటే అదే రోజు డాక్టరుకి తెలియాలి.

గాలి, ధూళి, చేతబడి అనే పెద్దవాళ్ళతో యుద్ధానికి దిగకండి. తాయెత్తు కట్టనివ్వండి, దర్గాకి తీసుకెళ్ళనివ్వండి. షరతు ఒక్కటే: మాత్ర ఆపకూడదు, ఆ మనిషిని అక్కడ వదిలి రాకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పూరిపాకకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది కాలిపోయారు. స్వస్థత కోసమని ఇంటివాళ్ళే తీసుకెళ్ళి వదిలినవాళ్ళు వాళ్ళు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదు.

మాత్రల దగ్గర

రసంలో కలిపి పెట్టడం చాలా ఇళ్ళలో ఉంది. ఎక్కడ చెడుతుందంటే, ఏదో ఒక రోజు చేదు తగులుతుంది. అన్నంలో మందు కలుపుతున్నారన్న అనుమానం ఆ రోజుతో నిజమైపోతుంది. ఆ తర్వాత మాత్ర పోతుంది, ఇంటి అన్నమూ పోతుంది. బలవంతంగా నోట్లో పెట్టినా అదే దారి. రోజూ మాత్ర గొడవ తట్టుకోలేకపోతున్నామని డాక్టరుతో చెప్పి, రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి వేసే ఇంజెక్షన్ల గురించి ఆ మనిషి ముందే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే రోజుకి రెండుసార్లు ఇంట్లో పోట్లాట తప్పుతుంది.

మాత్ర ఎందుకు వద్దంటున్నారో కనుక్కోవడం ఇంకా ముందు పని. ఒళ్ళు బిగుసుకుపోతోందా, మగత వస్తోందా, బరువు పెరుగుతున్నారా, మగతనం తగ్గిందా (ఇది తండ్రికి చెప్పరు, బావమరిదికి చెబుతారు), ఒకచోట కూర్చోలేకపోతున్నారా. వీటన్నిటికీ మోతాదో మందో మార్చి చూడొచ్చు. కొత్తగా మందు మొదలెట్టిన నాలుగైదు రోజుల్లో మెడ పక్కకి తిరిగిపోయి, కళ్ళు పైకి నిలిచిపోయి, నాలుక మెలిపడితే దెయ్యం పట్టిందని ఊరంతా గుమికూడుతుంది. అది హాలోపెరిడాల్ లాంటి మందుల ప్రభావం. దగ్గరి ఆసుపత్రిలో ఫెనర్గాన్ ఇంజెక్షన్ పడితే సాధారణంగా అరగంటలో విడుస్తుంది. కానీ ఒళ్ళు బిగుసుకోవడంతోపాటు జ్వరం బాగా ఎక్కువగా ఉండి, మనిషి తికమకపడుతుంటే అది వేరు, ప్రాణం మీదికి వచ్చేది. మందు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

బైపోలార్‌కి లిథియం వాడేవాళ్ళుంటే మన ఊళ్ళ ఎండలు గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం కొబ్బరి దింపుకో, ధాన్యం తూర్పారబట్టడానికో పంపకండి. నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ ఆపకండి. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు డాక్టరుకి ఫోన్ చేయకుండా లిథియం మాత్ర వేయకండి. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నా, ఐబూప్రొఫెన్ బిళ్ళలు మింగినా లిథియం పెరుగుతుంది, జ్వరానికి పారాసెటమాల్ చాలు. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తాగినవాడిలా తూలడం, వాంతులు: వీటిలో రెండు కనిపించినా ఆసుపత్రి. లిథియం రక్తపరీక్ష చివరి మాత్ర వేసిన 12 గంటలకి చేయించాలి. పొద్దున్న మాత్ర వేసుకుని పరుగెత్తుకెళ్తే లెక్క తప్పుతుంది. మామూలు రోజుల్లో 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు.

క్లోజపిన్ (వేరే మందులకి తగ్గని స్కిజోఫ్రేనియాకి ఇచ్చేది) వాడేవాళ్ళకి మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల పరీక్ష ఉంటుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే మళ్ళీ పరీక్ష. వరసగా రెండు రోజులు మాత్రలు తప్పితే మూడో రోజు పాత మోతాదు వేయకూడదు. 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్ళీ మొదలెట్టాలి, అదీ డాక్టరు చెప్పాకే. మలబద్ధకాన్ని చిన్నగా చూడకండి, ఈ మందుతో అది పేగులు మూసుకుపోయేదాకా వెళ్తుంది.

ఆసుపత్రికి

"అన్నవరం వెళ్దాం" అని కారెక్కించి విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల గేటు దగ్గర దింపడం ఈ వైపు బాగా అలవాటైన ఉపాయం. పని ఒకసారి అవుతుంది. ఆ తర్వాత మీరు నిజంగా సత్యనారాయణస్వామి దగ్గరికి పిలిచినా ఆ మనిషి కారెక్కరు, మీరిచ్చిన మంచినీళ్ళు కూడా అనుమానంగానే తాగుతారు. నిజం చెప్పినా చాలామంది వస్తారు, వాళ్ళకి బాధగా ఉన్నదాని పేరు చెప్పి పిలిస్తే. "నీకు జబ్బు" అనకుండా "నాలుగు రోజులుగా నిద్ర లేదు కదా, నిద్రకి డాక్టరు గారికి చూపిద్దాం" అనండి. ఇది అబద్ధం కాదు. అంతదూరం పోనక్కర్లేకుండా కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది. ముందుగా మాట్లాడుకోవాలంటే 14416 టెలీమానస్ ఉంది, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ తెలుగులో పలుకుతారు, ఖర్చు లేదు. ఆ మనిషి మాట్లాడనంటే ఇంటివాళ్ళు మాట్లాడొచ్చు.

1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి రోగుల కుటుంబాల్ని వాళ్ళతోపాటు ఉండనిచ్చాడు. మనిషి త్వరగా ఇంటికి వెళ్ళడానికి ఇంటివాళ్ళు దగ్గరుండటం సాయపడుతుందని అప్పుడే తెలిసింది. కాబట్టి అటెండెంటుగా ఉండనిచ్చే చోట ఉండండి, కానీ ఒకరే ఉండొద్దు, మూడు రోజులకోసారి మారండి.

చూడ్డానికి వెళ్ళేముందు సిస్టర్ గారికి ఫోన్ చేసి ఏవి లోపలికి రానిస్తారో అడగండి. మామూలుగా గాజు సీసాలు, బ్లేడు, తాళ్ళు, నాడాలున్న బట్టలు రానివ్వరు. అందుకే ఆవకాయ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, నాడా బదులు ఎలాస్టిక్ ఉన్న పైజమాలు రెండు, తలకి కొబ్బరినూనె ప్లాస్టిక్ సీసాలో, చెప్పులు, సబ్బు. తినేవి అక్కడే తినేసేంత. డజను పూతరేకులు తీసుకెళ్తే రెండు చిక్కులు: వార్డులో పంపకాల గొడవ, ఒలాంజపిన్ అనే మాత్ర వాడేవారికి ఇప్పటికే పెరుగుతున్న ఒళ్ళూ చక్కెరా. రెండు చాలు. వెళ్ళేది ఇద్దరు, ఉండేది అరగంట. ఊరి తగాదాలు, అప్పులు, పొలం కౌలు, ఎవరెవరు ఏమనుకుంటున్నారు, ఇవి వద్దు. "ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "రేపే" అనొద్దు. "డాక్టరు గారు వచ్చే మంగళవారం చెబుతామన్నారు, నేను బుధవారం వచ్చి నీకు చెబుతాను" అనండి. బుధవారం వెళ్ళండి.

వెళ్ళాక "నాకు చూడాలని లేదు, పొమ్మను" అని కబురొస్తే కోపం తెచ్చుకోకండి. ఎవరిని కలవాలో, ఎవరి ఫోను ఎత్తాలో ఎంచుకునే హక్కు పైన చెప్పిన 2017 చట్టం 26వ సెక్షన్ వాళ్ళకే ఇచ్చింది. తెచ్చిన సంచీ, రెండు ముక్కల చీటీ, మళ్ళీ ఎప్పుడొస్తారో సిస్టర్‌కి ఇచ్చి తిరిగి రండి.

బాగున్న రోజుల్లో చేసిపెట్టుకోవాల్సిన పని ఒకటుంది. తెల్లకాగితం మీద, తన తరఫున నిలబడే మనిషి ఎవరో ఆ మనిషే రాసి సంతకమో వేలిముద్రో వేయాలి. చట్టంలో దీన్ని నామినేటెడ్ ప్రతినిధి అంటారు, 14వ సెక్షన్. స్టాంపు పేపరు అక్కర్లేదు. తండ్రినే రాయాలనీ లేదు, నమ్మకమున్న మేనత్తనైనా, స్నేహితుణ్ణయినా రాసుకోవచ్చు. ఇది లేని ఇళ్ళలో జబ్బు ముదిరిన రాత్రి ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములు, అత్తింటివాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటారు. తనంతట ఒప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషిని చేర్చాలంటే ఈ ప్రతినిధే దరఖాస్తు పెట్టాలి, 89వ సెక్షన్ కింద మొదట గరిష్ఠంగా 30 రోజులు.

గల్ఫ్ నుంచి ఫోను

కోనసీమలో, నరసాపురం వైపు ఎన్నో ఇళ్ళలో తల్లో భార్యో కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటారు. కువైట్, ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మస్కట్, దుబాయ్ గంటన్నర. అక్కడ పని ముగిసి రాత్రి పదింటికి వీడియోకాల్ చేస్తే కువైట్ నుంచైతే ఇక్కడ పన్నెండున్నర. నిద్ర చెడితే తిరగబెట్టే జబ్బుకి ఇంతకంటే చెడ్డ వేళ లేదు. రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టండి, పొద్దున్నే వింటారు. మాట్లాడే కాల్ వారానికి ఒకటో రెండో, ఒకే రోజు, ఒకే గంట, పది నిమిషాలు. టీవీలో తన గురించి చెబుతున్నారు, ఫోన్‌లోంచి తనని చూస్తున్నారు అనే అనుమానం ఉన్నవాళ్ళకి వీడియో వద్దు, మామూలు కాల్ చాలు. "నీ కోసమే ఇక్కడ కష్టపడుతున్నాను" అన్న మాట ఎంత నిజమైనా ఆ పది నిమిషాల్లో పనికిరాదు. నెల డబ్బు గురించి, మాత్రల గురించి నిలదీయాలనుంటే ఇంట్లో ఇంకొకరికి వేరే కాల్ చేయండి.

డబ్బంటే గుర్తొచ్చింది. సదరం సర్టిఫికెట్టులో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వైకల్యం 40 శాతమో ఆపైనో ఉంటే పింఛను వస్తుంది, 2024 జూలై నుంచి నెలకి 6,000. అది ఆ మనిషి డబ్బు. ఇంటి ఖర్చుకి వాడుకున్నా ఒకటో తారీఖున కొంత చేతిలో పెట్టండి. మాత్ర వేసుకోకపోతే ఇవ్వనని బెదిరించడం రెండు నెలలు పనిచేసి, మూడో నెల తలుపులు పగిలే గొడవ అవుతుంది.

పండగ, ఉపవాసం, వరద

సంక్రాంతికి అల్లుళ్ళు, పిల్లలు, మైకులు, పందేల బరులు, మందు సీసాలు. ఇవన్నీ ఒకేసారి మీదపడే నాలుగు రోజులు. ఆ మనిషిని ఎక్కడికో పంపేయడం కాదు, ముందే ఒక గది వదిలిపెట్టాలి, అందులో పిల్లలు ఆడకూడదు. పంక్తిలో కూర్చోవడం ఇష్టముంటే చివర కుర్చీ, లేచి వెళ్ళిపోతే ఎవరూ "ఏమైందీ" అనకూడదు. వచ్చే చుట్టాలకి ముందురోజే ఫోన్‌లో చెప్పండి: పెళ్ళెప్పుడు, ఉద్యోగమేంటి అని అడగొద్దు, సీసా ముట్టించొద్దు. "పెళ్ళి చేస్తే కుదురుతుంది" అనే పెద్దాయన ఒకరు ప్రతి పండక్కీ తయారవుతారు. ఆయనతో వాదన వీధరుగు మీద పెట్టుకోండి, లోపల కాదు. జబ్బు సంగతి చెప్పకుండా చేసిన పెళ్ళి కోర్టు దాకా వెళ్తుంది, ఇద్దరి బతుకూ పాడవుతుంది.

శివరాత్రి జాగారం బైపోలార్ ఉన్నవాళ్ళకి కుదరదు. ఒక్క రాత్రి నిద్ర మాని ఉన్మాదంలోకి జారినవాళ్ళు ఉంటారు. ద్రాక్షారామమో, భీమవరం సోమారామమో పగలు వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరండి. కార్తీక సోమవారాలు నీళ్ళు కూడా తాగకుండా ఉండే ఉపవాసం లిథియం వాడేవారికి నిషేధం అనుకోండి. పండో పాలో తీసుకుని, నీళ్ళు మామూలుగా తాగుతూ చేయనివ్వండి.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళు జూలై వచ్చేసరికి మూడు వారాల మందులు, ఓపీ చీటీ, సదరం కాగితాల జిరాక్సులు రెండు ప్లాస్టిక్ కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి, దూలానికి వేలాడదీయండి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. మీరు కదలాల్సింది అప్పుడు, 13.75 దగ్గర రెండోది ఇచ్చేదాకా ఆగితే పడవ మీద అరుపులూ తొక్కిసలాటా మధ్య ఈ మనిషిని ఎక్కించాలి. ఇంజెక్షను తారీఖు ఆ వారంలోనే ఉంటే ముందే వేయించవచ్చేమో అడగండి. శిబిరంలో గోడవార చోటు, రాత్రి పక్కన పడుకునే తెలిసిన మనిషి.

ముదురుతున్నప్పుడు

బాగున్న రోజుల్లో ఆ మనిషితో కలిసి కూర్చుని, కిందటిసారి ముదిరేముందు ఏమేం మారాయో రాసుకోండి. మొదట చెడేది చాలామందిలో నిద్ర. క్యాలెండరు మీద రోజూ నిద్ర గంటలు వేయడం ఒక్క అలవాటైనా చాలు. వరసగా రెండు మూడు రాత్రులు సగానికి తగ్గితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మిగతావి మనిషిని బట్టి: ఒకరు గంటల తరబడి అద్దంలో చూసుకుంటారు, ఒకరు ఉన్నట్టుండి దానాలు చేస్తారు. పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయికి మొదటి రెండు వారాల్లో నిద్ర పూర్తిగా పోయి మాట తేడా వస్తే అదే రోజు చూపించాలి, బిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

చావు గురించి అనుమానముంటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, రొయ్యల చెరువు మందులు, మాత్రల మూట తాళంవేసి తాళంచెవి ఇంట్లోంచి బయటికి పంపించేయండి. పురుగుమందు తాగేసి ఉంటే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి, డబ్బా వెంట తీసుకెళ్ళండి.

కోపం ఎక్కినప్పుడు మాట్లాడేది ఒక్కరే, రెండు బారల దూరంలో, చిన్న గొంతుతో, చిన్న మాటలతో. మిగతావాళ్ళు బయటికి. కత్తిపీట, కొడవలి, కొబ్బరి కత్తి అప్పుడు తీస్తే చూస్తారు, అవి ముందే తీసి ఉండాలి. వీధిలో నలుగురు కుర్రాళ్ళని పిలిచి మీదపడి బోర్లా పడేసి వీపు మీద కూర్చోవడం వద్దే వద్దు, ఊపిరాడక చనిపోతారు. 112కి ఫోన్ చేస్తే మొదటి వాక్యంలోనే జబ్బు మనిషి అని చెప్పండి. ఇలాంటివారిని పోలీసులు 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లాకప్‌లో పెట్టడానికి లేదు, అదే చట్టం 100వ సెక్షన్. ఇల్లు వదిలి వెళ్ళిపోతే సాయంత్రం దాకా చూద్దామనుకోకుండా స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టించి, రైలెక్కే అవకాశముంటే రైల్వేవాళ్ళ 139కి కూడా చెప్పండి. నిలువెత్తు ఫొటో ప్రతి ఏడాదీ ఒకటి తీసి ఉంచుకోవాలి. పెళ్ళినాటి ఫొటోతో గుర్తుపట్టరు.

చాలా ఏళ్ళుగా వెళ్ళనివాళ్ళకి

అన్నయ్యనో, మేనమామనో ఐదారేళ్ళుగా చూడకుండా ఉండిపోయినవాళ్ళు ఉంటారు. సిగ్గుతో ఇంకా ఆలస్యం చేస్తారు. మొదటిసారి పది నిమిషాలు చాలు. క్షమాపణల చిట్టా చదవొద్దు, ఏడవొద్దు, మనిషి ఎంత చిక్కిపోయారో వాళ్ళ ముందే అనొద్దు. అరటిపళ్ళ అత్తం తీసుకెళ్ళండి. "మావయ్యా, నేను, పెద్దక్క కొడుకుని" అని పేరు మీరే చెప్పండి, గుర్తున్నానా అని పరీక్ష పెట్టకండి. లేచేముందు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పండి, నెలకి ఒక్కసారే అయినా సరే. ఆ రోజుకి రాలేకపోతే ముందురోజే ఫోన్ చేయండి, ఆ మాట అత్తయ్యతో కాదు, మావయ్యతోనే చెప్పండి.